అరవకూడని చోటు

వంటింట్లో పొయ్యి ఆ పొద్దు కూడా వెలగలేదు.

తల్లి ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని వీధిగదిలో కూర్చుంది. బస్సు కోసం చూసే మనిషిలా ఉంది. బస్సు రాకపోతే నడిచి పోయేలా ఉంది.

"టీ అయినా పెడతావా, అదీ మానేశావా?" అన్నాడు కొడుకు.

"పాలు గిన్నెలో ఉన్నాయి. పంచదార డబ్బాలో ఉంది."

"ఆ సంగతి నాకు తెలుసు!"

"తెలిస్తే అడగడం దేనికి?"

కొడుకు కూరగాయల మార్కెట్లో వేలం వేస్తాడు. తెల్లారకముందే బస్తాల మధ్య నిలబడి రేటు పిలిచాడంటే ఆ చివర గేటు దాకా వినిపిస్తుంది. అందుకే మార్కెట్లో అతన్ని అందరూ మైకు అంటారు. ఇంట్లోనూ అదే గొంతు. ఆ ఇంట్లో మొదటినుంచీ ఒకటే చట్టం: ఎవరి గొంతు పెద్దదో వాళ్ళ మాట నెగ్గుతుంది. తండ్రి బతికున్నన్నాళ్ళూ తండ్రిది నెగ్గింది. ఆయన పోయాక కొడుకుది నెగ్గుతోంది. తల్లి మాటను ఎవరూ కాదనలేదు. వినిపిస్తే కదా కాదనడానికి.

గురువారం రాత్రి భోజనాల దగ్గర ఆవిడ చెప్పింది. నది ఒడ్డు పార్కులో, పక్షుల మడుగు దగ్గర పనిచేసే గార్డును పెళ్ళి చేసుకుంటున్నానంది. చేసుకోవచ్చా అని అడగలేదు. అన్నం కంచం వెళ్ళి గోడకు తగిలింది. ఆ మరక ఇంకా అక్కడే ఉంది. తుడిచే మనిషి తుడవనంది. మిగతావాళ్ళకు గుడ్డ ఎక్కడుంటుందో తెలియదు.

"ఒక్కసారి వచ్చి ఆయన్ని చూడండి. ఆ తర్వాత మంచైనా చెడ్డైనా నాది" అని మాత్రం అడిగింది.

ఆ చూడటానికే ఇవాళ ప్రయాణం.

మేనత్త పొద్దుటి బస్సుకే దిగింది. పోయిన తమ్ముడి ఇంట్లో నిప్పు రాజుకుంటే ఆవిడకు ఊరవతలికే పొగ వాసన కొడుతుంది.

"ఏమే మరదలా, ఈ వయసులో నీకు మొగుడేమిటే? మోకాళ్ళకు తైలం రాయడానికా?"

"రాయడానికైనా ఒకరుండాలిగా వదినా. మీకెవరు రాస్తున్నారు?"

మేనత్త తన కాళ్ళ వంక చూసుకుంది. ఆవిడా భర్త పోయిన మనిషే.

"వాణ్ణి ఇక్కడికి రమ్మను. వీధిలో నిలబెట్టి నాలుగు మాటలు అడుగుతా" అన్నాడు మైకు.

"ఆయనకు డ్యూటీ ఉంది. మనమే వెళ్దాం. మడుగు దగ్గర చెక్కగది ఉంది. కూర్చుని మాట్లాడుకోవచ్చు."

"చెక్కగదైనా ఇనుపగదైనా దులిపేస్తా."

"సరే, దులుపు."

ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకోవడం అతనికి నచ్చలేదు. తలుపు దగ్గర ఆగి, ఇంతకాలం దాచుకున్న మాట బయటికి తీశాడు.

"ఒకటి చెబుతున్నా విను. వాణ్ణి చేసుకుని ఈ గడప దాటావంటే చిన్నదాని మొహం మళ్ళీ చూడవు."

సంచీ పట్టీ మీద ఆవిడ వేళ్ళు బిగుసుకున్నాయి.

చిన్నది అతని కూతురు. ఒకటో తరగతి. పుట్టిన నాటినుంచి పడుకునేది నాయనమ్మ పక్కలోనే. నీళ్ళు పోయడం, అన్నం తినిపించడం, బడికి పంపడం అన్నీ నాయనమ్మే. అతను మార్కెట్టుకు వెళ్ళేసరికీ, అతని భార్య పని నుంచి వచ్చేసరికీ పిల్ల నిద్రలోనే ఉంటుంది. ఇవాళ పక్కింట్లో వదిలారు. కొడుకులు తల్లిని ఎక్కడ కొడితే తగులుతుందో వెతుక్కోనక్కర్లేదు. చూపించింది తల్లే కదా.

కోడలు చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఆగింది. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. రోజంతా పరాయివాళ్ళ చేత నోరు తెరిపించే ఉద్యోగం. తన నోరు మాత్రం ఇంట్లో తెరవదు. అప్పుడు కూడా తెరవలేదు. మొగుడి వంక ఒక చూపు చూసి, తలుపు తాళం వేసింది.

*

ఆదివారం కావడంతో పార్కు నిండుగా ఉంది. గడ్డి మీద దుప్పట్లు పరుచుకున్న కుటుంబాలు, చెమట తుడుచుకుంటూ పరుగెత్తేవాళ్ళు, అద్దె సైకిళ్ళు, ఐస్‌క్రీం బండి. ఇనుప కటకటాల అవతల నది తొందర లేకుండా పోతోంది. ఊళ్ళో ఎంత మురికి మోసినా ఇక్కడికొచ్చేసరికి మొహం కడుక్కున్నట్టు కనిపిస్తుంది.

తల్లి ముందు నడిచింది. ఎవరినీ దారి అడగలేదు.

ఆకులు ఊడుస్తున్న మనిషి చీపురు ఆపి, "ఇవాళ ఆలస్యమైందేం అమ్మగారూ?" అన్నాడు.

"చుట్టాలొచ్చారయ్యా."

పూలమళ్ళకు నీళ్ళు పెడుతున్నావిడ గొట్టం పక్కకు తిప్పి దారి ఇచ్చింది. మైకు ఇదంతా చూశాడు. తను లేని చోట తన తల్లిని గుర్తుపట్టే మనుషులున్నారని అతనికి తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు.

"ఎలా దొరికాడే నీకు?" అంది మేనత్త ఆయాసపడుతూ.

"బయటికి పొమ్మన్నాడు వదినా."

"ఎవర్ని?"

"నన్నే. చెక్కగదిలో కూర్చుని పక్షుల్ని చూస్తుంటే ఫోను మోగింది. వీడే చేశాడు, తాళాలెక్కడ పెట్టావని. ఆయన వచ్చి తలుపు చూపించాడు. వెళ్ళిపోయాను. మర్నాడు ఫోను ఇంట్లో పెట్టి వెళ్ళాను."

"పొమ్మన్నవాడి దగ్గరికి మళ్ళీ వెళ్ళావా? సిగ్గులేదుటే!"

"అందరితో ఏం చెబుతాడో నాతోనూ అదే చెప్పాడు వదినా. ఒకరికి మెత్తగా, ఇంకొకరికి కటువుగా అనేది లేదు. మన ఇళ్ళల్లో అలాంటివాణ్ణి చూశామా?"

"మన ఇళ్ళల్లో మగవాళ్ళు పొమ్మనరు. పోనివ్వరు" అంది మేనత్త. ఎవరి పక్షాన ఆ మాట అందో ఆవిడకే తెలియలేదు.

తోట అయిపోయిన చోట తీగల కంచె ఉంది. కంచెకు చిన్న గేటు. అవతల రెల్లు, తుమ్మపొదలు, నది పాయ వచ్చి నిలిచిన మడుగు. గేటు దగ్గర గార్డు నిలబడి ఉన్నాడు.

చూడటానికి అతనిలో ఏమీ లేదు. పొట్టి మనిషి. బూడిదరంగు మీసం. చొక్కా జేబుకు ఒక బొత్తాం తక్కువ. పెళ్ళికొడుకు అనుకుని వచ్చిన మేనత్త పైనుంచి కిందికి చూసి, మళ్ళీ చూడటానికి ఏమీ మిగలక మడుగు వైపు చూసింది.

"నమస్కారమండీ" అన్నాడు గార్డు నలుగురికీ కలిపి. "ఫోన్లు ఆపెయ్యండి. పక్షులు గుడ్ల మీద ఉన్నాయి. బెదిరి లేచాయంటే గుడ్లు ఎండకు పాడవుతాయి. లోపల గొంతు పెంచకూడదు. పెంచితే ఒకసారి చెబుతాను. రెండోసారి బయటికి పంపుతాను."

"మాకు కూడానా?" అంది మేనత్త.

"అందరికీనండీ."

మైకు నవ్వాడు. "పదండి, పదండి. చూద్దాం."

*

చెక్కగది ఇరుకుగా ఉంది. రెండు బల్లలు. ఎదుటి గోడకు మనిషి కళ్ళ ఎత్తులో పొడవాటి చీలిక. అందులోంచి చూస్తే మడుగు మధ్య దిబ్బ, దిబ్బ మీద పొదలు, పొదల నిండా గూళ్ళు. తెల్లవీ నల్లవీ పక్షులు మెడలు ముడుచుకుని కూర్చుని ఉన్నాయి. ముందు బల్ల మీద దుర్భిణీ పట్టుకున్న ఒక పెద్దాయన, ఆయన భార్య. వాళ్ళు వెనక్కి తిరగలేదు.

మైకు జన్మలో మొదటిసారి గుసగుసలాడాడు. సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు వచ్చింది.

"ఇక్కడ ఎన్ని రకాల పక్షులున్నాయి?"

"బోర్డు మీద రాశారండీ" అన్నాడు గార్డు. "నాకు తెలిసినవి నాలుగు. మిగతావాటిని పక్షులనే అంటాను."

దుర్భిణీ పెద్దాయన భుజాలు కదిలాయి.

"మీకు ఎవరెవరున్నారు?"

"ఎవరూ లేరండీ. మా ఆవిడ పోయింది. పిల్లలు లేరు."

"అదీ సంగతి. వండిపెట్టే మనిషి కావాలి."

"నేనే వండుకుంటానండీ. ఆవిడ కూడా ఒకసారి తిన్నారు. ఉప్పెక్కువైందన్నారు."

"ఎక్కడ తిన్నావే?" అంది మేనత్త తల్లి వైపు తిరిగి. ఆవిడ గుసగుస మడుగు అవతలి ఒడ్డుకు వినిపించేలా ఉంది. దిబ్బ మీద రెండు మెడలు పైకి లేచాయి.

"అమ్మా, ఒకసారి చెప్పాను" అన్నాడు గార్డు.

మేనత్త కొంగు తీసి నోట్లో కుక్కుకుంది. ఊరందరినీ నిలదీసే మనిషి అలా కొంగుతో కూర్చోవడం చూసి కోడలు తల తిప్పుకుంది.

మైకుకు చెమట పట్టింది. అతను ఇంటి దగ్గరినుంచి తెచ్చుకున్న మాటలు పెద్దవి. పరువు, కులం, పోయిన తండ్రి పేరు, నలుగురు. ఒక్కటీ గుసగుసలో పట్టడం లేదు. పరువు అన్న మాటను గొంతు తగ్గించి అంటే చాటుగా సారా అడిగినట్టుంది.

"నలుగురూ ఏమనుకుంటారో..." అని మొదలుపెట్టి, దగ్గొచ్చి ఆపాడు.

"మా అమ్మలో ఏం చూశారు?" అన్నాడు చివరికి.

"ఆవిడ మాట బాగుంటుందండీ."

"మాటా? ఇంట్లో ఆవిడ మాటే ఆడదు."

"ఇక్కడ ఆడతారండీ."

అప్పుడు తల్లి మాట్లాడింది.

ఆవిడ ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో గడిచింది. ఒకే హాల్లో వరసగా కూర్చున్న ఆడవాళ్ళు, అందరూ ఒకేసారి మాట్లాడేవాళ్ళు. గొంతు పెంచితే పక్క లైను చెడుతుంది. అందుకని గొంతు దించి, మాటను అంచు చెదరకుండా కోసి పంపడం నేర్చుకున్నారు. ఆ తీగ చివరనున్న మనిషికి మాత్రమే వినిపించేది. ఇంట్లో ఆ విద్య దేనికీ పనికిరాలేదు. ఇప్పుడు ఆ చెక్కగదిలో తడుముకోకుండా మాట్లాడగలిగిన మనిషి ఆవిడ ఒక్కతే.

"నాన్నా, ఇటు చూడు. మీ నాన్న పోయాక నేను మొదలుపెట్టిన మాట ఒక్కటైనా చివరిదాకా విన్నావా?"

మైకు నోరు తెరిచాడు.

"ఆగు. ఇంకా అవలేదు. నేను జీతం దాచి కట్టిన ఇంట్లో నేను ఏ గదిలో పడుకోవాలో నువ్వు చెబుతున్నావు. సరేనన్నాను. కోడలికి ఉద్యోగముంది, చిన్నదాన్ని చూడమన్నావు. సంతోషంగా చూశాను. ఇక ముందూ చూస్తాను. కానీ పొద్దున ఆ పిల్లను నాకు అడ్డం పెట్టావు. అది తప్పు. అది నీ కూతురు, నా మనవరాలు. గేటుకు వేసే గొళ్ళెం కాదు."

కోడలు తలెత్తింది.

"నేను నిన్ను అనుమతి అడగడానికి తీసుకురాలేదు. నువ్వు చూడాలి, నేను చెప్పేది వినాలి, అందుకు తెచ్చాను. చూశావు. విన్నావు."

ఒక్క మాట కూడా గది దాటి బయటికి పోలేదు. ఒక్క పక్షి మెడ తిప్పలేదు.

మైకు మొహంలో ఏదో వెలిగింది. ఆలస్యంగా వెలిగింది.

"ఇందుకా?" అన్నాడు. "నాకు నోరు లేకుండా చేద్దామని, ఏరి కోరి ఇక్కడికి తెచ్చావా?"

"అవును. ఊళ్ళో నువ్వు అరవలేని చోటు ఇదొక్కటే."

ఆవిడ అబద్ధమాడి ఉండాల్సింది. ఆడలేదు.

"నన్ను పిచ్చివాణ్ణి చేస్తావా!"

మార్కెట్టు గేటు దాకా వినిపించే గొంతు అది. చెక్కగోడలు అదిరాయి. దుర్భిణీ పెద్దాయన చేతిలోంచి దుర్భిణీ జారింది. చీలికలోంచి చూస్తే దిబ్బ మీద ఒక తెల్లటి దుప్పటి పట్టి లాగినట్టు పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. రెక్కల చప్పుడు గది మీదుగా పోయింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. పొదల మీద గూళ్ళు నోళ్ళు తెరుచుకుని ఎండలో ఉన్నాయి.

గార్డు లేచి తలుపు తీశాడు.

"బయటికి."

"ఒకసారి చెబుతానన్నావుగా? నాకు చెప్పలేదే!"

"గేటు దగ్గర చెప్పాను. ఇక్కడ మీ మేనత్తగారికి చెబుతుంటే విన్నారు. చాలా సార్లయింది."

"నేనెవరో తెలుసా?"

"తెలుసండీ. ఆవిడ కొడుకు. బయటికి."

మైకు తల్లి వైపు చూశాడు. చిన్నప్పుడు బళ్ళో దెబ్బలు తిని వచ్చినప్పుడు ఇలాగే చూసేవాడు. అప్పుడు ఆవిడ బడికి వెళ్ళి పంతుల్ని నిలదీసింది.

"అమ్మా, వీడు నన్ను గెంటుతున్నాడు."

తల్లి చీలికలోంచి ఖాళీ గూళ్ళ వంక చూస్తోంది. కళ్ళు తిప్పలేదు.

"వెళ్ళు" అంది.

*

గేటు అవతల, తోట వైపు, మైకు అటూ ఇటూ తిరుగుతున్నాడు. అరవాలని ఉంది. కంచె పక్కనే ఉన్నందువల్ల అరవలేకపోతున్నాడు. ఆ సంగతి అతనికే ఆశ్చర్యంగా ఉంది.

కోడలూ మేనత్తా వెనకే వచ్చారు.

"చూశారా? వాడి పొగరు చూశారా? రేపు మన ఇంటికొచ్చి అల్లుడి మర్యాదలు కావాలంటాడు!"

"అల్లుడు కాడురా, తండ్రి వరస" అంది మేనత్త. కొంగు విప్పుకున్నాక ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. "నన్నొకసారి హెచ్చరించాడు, నిన్ను గెంటాడు. లెక్క ప్రకారమే చేశాడు. పిసరంత మొగమాటం లేదు వెధవకి."

"నువ్వు ఎవరి తరఫున వచ్చావత్తా?"

"నీ తరఫునే వచ్చాను. నువ్వే అరిచి చెడగొట్టావు."

కోడలు అప్పుడు నోరు తెరిచింది. మెల్లగా, బాధపెట్టకుండా పన్ను పీకే మనిషిలా మాట్లాడింది.

"ఏమండీ, ఒకటి అడుగుతాను. అత్తయ్య వెళ్ళిపోతే చిన్నదాన్ని ఎవరు చూస్తారు?"

"అదేగా నేననేది! అందుకేగా ఆపుతున్నది!"

"అందుకా? ఇంతసేపూ పరువన్నారు."

మైకు ఆమె వైపు చూశాడు.

"ఆయా కావాలని చెప్పి ఉంటే సరిపోయేది. ఆవిడ పెళ్ళి చేసుకుని కూడా వచ్చి చూసేది. మీరే చూడనివ్వనన్నారు. చూడనివ్వకపోతే మీకే నష్టం. బెదిరించడం కూడా చేతకాదు మీకు."

ఇన్నేళ్ళ కాపురంలో ఆమె అంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు. మేనత్త కొంగు మళ్ళీ నోటి దాకా తెచ్చుకుంది. ఈసారి నవ్వు ఆపుకోవడానికి.

చాలాసేపటికి తల్లీ గార్డూ బయటికి వచ్చారు. తల్లి మొహం పాలిపోయి ఉంది.

"వచ్చాయా?" అంది కోడలు.

"వెనక పొదలవి వచ్చాయమ్మా. ముందు వరసవి రాలేదు" అంది తల్లి. తర్వాత గార్డు వైపు తిరిగింది. "ఇప్పుడు వీళ్ళకి కూడా చెప్పండి. లోపల నాతో అన్న మాట."

"దేనికండీ."

"చెప్పండి."

గార్డు మీసం తడుముకున్నాడు.

"గుడ్ల కాలంలో గార్డు తన మనుషుల్ని లోపలికి తేకూడదండీ. మామూలుగా వచ్చినవాళ్ళు అరిస్తే వాళ్ళని ఇంకెప్పుడూ రానివ్వరు, అంతే. గార్డు తెచ్చుకున్నవాళ్ళు అరిస్తే గార్డు ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో మడుగు పక్కనున్న ఇల్లూ పోతుంది."

"మరి మమ్మల్నెందుకు రానిచ్చారు?" అంది కోడలు.

"ఆవిడ అడిగారండీ. ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఇదొక్కటే అడిగారు."

అందరికీ ఒకటే మాట చెప్పే మనిషి ఒక్కరి దగ్గర మాట తప్పాడు. తల్లి ఆ సంగతి ఇప్పుడే తెలుసుకుంది. తెలివిగా వేశాననుకున్న ఎత్తు వెళ్ళి ఎవరి మెడకు తగిలిందో ఆవిడ మొహమే చెబుతోంది.

మైకు ముఖం మాత్రం విచ్చుకుంది. ఓడిపోతున్న వేలంలో చివరి నిమిషాన అవతలివాడు తప్పుకున్నట్టుంది అతనికి.

"అయితే ఇల్లు పోయినట్టే. ఇక కాపురం ఎక్కడ పెడతారమ్మా? బెంచీ మీదా?"

తల్లి నది వైపు చూసింది. చేతిసంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. పాలిపోయిన మొహంలోకి రంగు తిరిగొచ్చింది. ఏదో అంది.

"ఏమిటి?" అన్నాడు మైకు. వినిపించలేదు. ముందుకు వంగాడు.

"మనింట్లోరా."

"ఏమిటీ?"

"మన ఇంట్లో. నేను కట్టిన ఇల్లు. నాకో గది ఉంది. ఇద్దరికి సరిపోతుంది. గడప దాటితేనే కదా చిన్నదాన్ని చూడనివ్వనన్నావు? దాటను. ఈయన్నే ఇటు తీసుకొస్తాను."

మైకు వెనక్కి అడుగు వేశాడు. కోడలు పకపకా నవ్వి, కంచె గుర్తొచ్చి చేత్తో నోరు మూసుకుంది.

"అక్కడ అందరూ అరుస్తారు కదండీ" అన్నాడు గార్డు సందేహంగా.

"ఒకసారి చెబుదురుగాని" అంది తల్లి. "రెండోసారి బయటికి పంపుదురుగాని."

"ఒరేయ్ నాయనా" అంది మేనత్త, "నీ గొంతే నీ కొంపకి మొగుణ్ణి తెచ్చింది కదరా!"

"ఎవరూ రావడం లేదు! నేను ఒప్పుకోను!" అన్నాడు మైకు. గుసగుసగానే అన్నాడు.

రెల్లు పక్క బాటలో అడుగుల చప్పుడైంది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకున్న ఒకావిడ వచ్చింది. మడుగు మీద అధికారి ఆవిడే. నదిలో పడవ మీద ఉండగా పక్షులు లేవడం చూసి వచ్చింది. మనుషుల్ని ఒక్కొక్కరినే చూసి, గార్డు దగ్గర ఆగింది.

"ఎవరరిచారు?"

"వీరండీ" అన్నాడు గార్డు మైకును చూపించి.

"ఎవరు వీళ్ళు? మామూలుగా చూడటానికి వచ్చినవాళ్ళేగా?"

ఆ ప్రశ్నలోనే ఆవిడ ఒక తలుపు తెరిచి పెట్టింది. ఇలాంటి గార్డు మళ్ళీ దొరకడని ఆవిడకు తెలుసు. అవునండీ అంటే చాలు.

"కాదండీ. నావాళ్ళు" అన్నాడు గార్డు.

తల్లి కళ్ళు మూసుకుంది. మేనత్త నెత్తి కొట్టుకుంది.

అధికారి పెదవి కొరికింది. గార్డును వదిలి మైకు వైపు తిరిగింది.

"ఈయన మొండి మనిషి. ఈయన ఒక్కడి మాట మీద నేను తీసెయ్యను. మీరు చెప్పండి. మీరు ఈయన మనుషులా, కాదా?"

మైకు వెంటనే నోరు తెరిచాడు. కాదనడానికే తెరిచాడు. గురువారం రాత్రినుంచి అతను అంటున్నది ఆ ఒక్క మాటే.

కోడలు అతని మోచెయ్యి పట్టుకుంది. చెవి దగ్గరికి వచ్చి, అధికారికి వినపడకుండా అంది.

"కాదంటే ఆయన ఉద్యోగం, ఇల్లు నిలబడతాయి. అత్తయ్య అక్కడికి వెళ్ళిపోతారు. అవునంటే రెండూ పోతాయి. ఆయన మనింటికొస్తారు. ఆలోచించుకుని చెప్పండి."

తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. తల్లి కొడుకు వైపు ప్రశాంతంగా చూస్తోంది. ఏ మాట వచ్చినా ఆవిడకు సరే.

మైకు పెదవులు కదిలాయి.

"కాస్త గట్టిగా చెప్పండి" అంది అధికారి. "వినపడలేదు."